ఆ రెండు టన్నులు ఎటు పోయాయి? కెమికల్ ఇంజనీరింగ్ క్లాసులో ప్లాంటు నడిపే లెక్క

శెనక్కాయ నూనె మిల్లులో లెక్క మూడు చోట్ల పుడుతుంది. గేటు దగ్గర వేబ్రిడ్జి మీద లారీ తూకం ఒకటి. నూనె ట్యాంకులోకి డిప్ రాడ్ దించి, తడిసిన గీత చూసి రాసుకున్న మట్టం ఇంకొకటి. గోడౌన్లో చెక్క (నూనె పిండాక మిగిలే పిప్పి) బస్తాల లెక్క మూడోది. నెలాఖరుకు మూడింటినీ ఒక కాగితం మీద పెడితే కలవవు. అచ్చంగా కలిశాయంటే మరీ అనుమానించాలి, ఎవరో కూర్చుని కలిపారన్నమాట.

అనంతపురంలోనో ఇడుపులపాయలోనో కెమికల్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థికి మాస్ బ్యాలెన్స్, అంటే లోపలికి వచ్చిన సరుకుకూ బయటికి పోయిన సరుకుకూ లెక్క సరిపెట్టడం, మొదట్లోనే పరిచయమవుతుంది. పుస్తకంలో అది ఎప్పుడూ కలుస్తుంది. కలవకపోతే కూడికలో తప్పు చేసింది విద్యార్థే, మార్కులు పోతాయి. మిల్లులోనో ఫ్యాక్టరీలోనో కలవకపోతే ఆ తప్పు కాటాదా, మీటరుదా, గుమాస్తాదా, లేక ఎవరూ రాసుకోని దారిన సరుకు పోతోందా అని వెతకాలి. ఈ వెతుకులాటకు సిలబస్‌లో పేరు లేదు, చోటు అంతకన్నా లేదు.

కంప్యూటర్ సమీకృత ఉత్పత్తి నిర్వహణ అన్న పేరు వింటేనే బరువుగా ఉంటుంది. విప్పి చెబితే అంత లేదు. పైపు మీద మీటరు చూపే అంకె మొదలుకొని సేల్స్ ఆఫీసులో ఆర్డరు పుస్తకం దాకా సమాచారమంతా ఒకే దారానికి గుచ్చి, ఆ దారం పట్టుకుని ఈ రోజు ఎంత తీయాలి, ఏ ముడిసరుకుతో తీయాలి, రిపేరుకు ఎప్పుడు ఆపాలి అని తేల్చుకోవడమే అది. దీన్ని చెప్పే క్లాసు మామూలుగా సాఫ్ట్‌వేర్‌తో మొదలవుతుంది. ప్రొజెక్టర్ మీద రంగురంగుల తెరలు, డబ్బాలు, బాణాలు వస్తాయి. విద్యార్థి ఆ డబ్బాల పేర్లు బట్టీ పట్టి పరీక్షలో గీసి వస్తాడు. కలవని లెక్కతో మొదలుపెడితే ఆ డబ్బాలు ఎందుకున్నాయో వాడికే తెలిసొస్తుంది.

మూడో అంతస్తు

ప్లాంటు సమాచారాన్ని అంతస్తుల మిద్దెలా ఊహించుకోవచ్చు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో థియొడోర్ విలియమ్స్ బృందం గీసిన నమూనా ఇదే. ప్లాంటు కంప్యూటర్లనూ ఆఫీసు కంప్యూటర్లనూ ఎలా కలపాలో చెప్పే ఐఎస్ఏ-95 ప్రమాణం, 2000 నుంచి వెలువడుతున్నది, దీని మీదే నిలబడింది. నేల మీద అసలు ప్రక్రియ, అంటే మరిగే ద్రవం, తిరిగే పంపు. మొదటి అంతస్తులో కొలిచే పరికరాలు, వాల్వులు. రెండో అంతస్తులో కంట్రోల్ రూమ్, డీసీఎస్ (ప్లాంటును నడిపే కంట్రోల్ కంప్యూటర్) తెరలు. నాలుగో అంతస్తులో కొనుగోళ్లు, ఆర్డర్లు, ఖాతాలు. మధ్యలో మూడోది మిగిలింది. షిఫ్టుల ప్రణాళిక, ల్యాబ్ ఫలితాలు, ఏ బ్యాచ్ ఏ రియాక్టర్లో వేయాలన్న నిర్ణయం, ఏ ట్యాంకు ఎప్పుడు ఖాళీ చేయాలన్న లెక్క, అన్నీ అక్కడే ఉంటాయి.

కింద సెకన్లలో జరుగుతుంది, పైన నెలల్లో జరుగుతుంది. మూడో అంతస్తు కాలం షిఫ్టు, రోజు, వారం. అటు సెకను భాషా ఇటు నెల భాషా తెలిసినవాళ్లు అక్కడ కావాలి. కింది అంతస్తులకు ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లున్నారు, పై అంతస్తుకు ఎంబీఏ వాళ్లున్నారు. మధ్య అంతస్తుకు కెమికల్ ఇంజనీరే దిక్కు. తీరా చూస్తే ఆ అంతస్తు గురించి చెప్పే క్లాసే తక్కువ.

జేఎన్‌టీయూ సిలబస్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు పీడీసీ, మెఫా తెలుసు. మొదటిది ప్రాసెస్ డైనమిక్స్ అండ్ కంట్రోల్, రెండోది మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్. పీడీసీలో లూప్ ట్యూన్ చేయిస్తారు, అంటే వాల్వు తనంతట తాను సర్దుకునేలా అంకెలు కుదిర్చడం, కానీ ఆ సెట్ పాయింట్ (నిలబెట్టాల్సిన అంకె) ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని అడగరు. మెఫాలో బ్రేక్ ఈవెన్ (లాభం నష్టం లేని చోటు) గీత గీయిస్తారు, ఆ సరుకు ఏ ట్యాంకులో పడుతుందని అడగరు. రెండూ ఒకే విద్యార్థి బుర్రలో ఉంటాయి, ఒకదానికొకటి పరిచయం కాకుండానే డిగ్రీ చేతికొస్తుంది. కొత్త సబ్జెక్టు పెట్టడం కన్నా ముందు ఈ రెంటినీ కలిపే నాలుగు వారాల ప్రాజెక్టు పెట్టినా చాలావరకు పని జరుగుతుంది.

మిల్లు లెక్క, క్లాసులో

మళ్లీ మిల్లుకు వద్దాం. అనంతపురం జిల్లా శెనక్కాయకు పెట్టింది పేరు, నూనెల సాంకేతికతకే ప్రత్యేకంగా పరిశోధన సంస్థ ఉన్న ఊరు అనంతపురం. కాబట్టి ఉదాహరణ కోసం టెక్సస్ రిఫైనరీ దాకా పోనక్కర్లేదు (అక్కడికీ పోవాల్సి వస్తుంది, తర్వాత). కింది అంకెలు క్లాసు కోసం అనుకున్నవి.

ఒక రోజు మిల్లులోకి 100 టన్నుల శెనక్కాయ పప్పులు వచ్చాయని వేబ్రిడ్జి చెప్పింది. ట్యాంకు డిప్ ప్రకారం నూనె 42.5 టన్నులు. గోడౌన్ లెక్కలో చెక్క 55.5 టన్నులు. కూడితే 98. రెండు టన్నులు కనబడడం లేదు.

మూడు కొలతలనూ ఒకే రీతిన నమ్మలేం. వేబ్రిడ్జి అర టన్ను అటూ ఇటూ తప్పవచ్చు. డిప్ కొలతలో ఒక టన్ను తేడా రావచ్చు, ఎందుకంటే నూనె వేడిగా ఉంటే ఉబ్బుతుంది, ట్యాంకు అడుగున మడ్డి ఉంటుంది. బస్తాలన్నీ ఒకే బరువుండవు గనక చెక్క లెక్కలో ఒకటిన్నర టన్ను దాకా తేడా ఉంటుందనుకుందాం. కనబడని రెండు టన్నులను ఈ తప్పుల వర్గాల (స్క్వేర్ల) నిష్పత్తిలో పంచాలి. అంటే 0.25, 1, 2.25 పాళ్లలో. అలా పంచితే పప్పులు 99.86, నూనె 43.07, చెక్క 56.79 టన్నులవుతాయి. 43.07, 56.79 కూడితే 99.86. లెక్క కుదిరింది. తక్కువ నమ్మదగిన అంకె ఎక్కువ కదిలింది, గట్టి అంకె కాస్తే కదిలింది. దీనికి డేటా రీకన్సిలియేషన్ అని పేరు. 1961లో కూన్, డేవిడ్సన్ రాసిన వ్యాసంతో కెమికల్ ఇంజనీరింగ్‌లోకి వచ్చిన పద్ధతి, ఇవాళ పెద్ద రిఫైనరీల్లో చాలాచోట్ల నడిచేది. బోర్డు మీద సుద్దముక్కతో పది నిమిషాల పని.

చాలా క్లాసులు ఇక్కడే ముగుస్తాయి, లెక్క కుదిరింది కదా అని. కానీ మిల్లు లోపలికి వెళ్లి చూసినవాడికి ఇంకోటి గుర్తొస్తుంది. పప్పులను ఎక్స్‌పెల్లర్లోకి (నూనె పిండే యంత్రం) పంపే ముందు కుక్కర్లో ఆవిరి మీద ఉడికిస్తారు. పప్పులో ఉన్న తేమ కొంత ఎగిరిపోతుంది. ఆ ఆవిరికి తూకం లేదు, బస్తా లేదు, రిజిస్టర్లో గడి లేదు. 100 టన్నుల పప్పుల్లోంచి రెండు టన్నుల తేమ పోవడం వింతేమీ కాదు. అంటే పైన అంత పొందికగా పంచిన రెండు టన్నులు అసలు కొలత తప్పే కాకపోవచ్చు. గాలిలో కలిసిన నీటిని తీసుకొచ్చి నూనె ఖాతాలోనూ చెక్క ఖాతాలోనూ జమ చేశామన్నమాట. అర టన్నుకు పైగా లేని నూనెను పుస్తకంలో పుట్టించాం. సేల్స్ ఆఫీసు దాన్ని అమ్మకానికి పెడుతుంది కూడా.

ఒక్క రోజు అంకెలు చూసి ఈ సంగతి పట్టలేం. మూడు కొలతల తప్పులు కలిస్తే మొత్తం అనిశ్చితి (ఆ వర్గాల మొత్తానికి వర్గమూలం) సుమారు 1.87 టన్నులు. రెండు టన్నుల తేడా దాదాపు దానంతే, కాకతాళీయంగా రావచ్చు. 25 రోజులు వరసగా సగటున రెండు టన్నులే తక్కువ వస్తుంటే అది కాకతాళీయం కాదు. 25కు వర్గమూలం ఐదు గనక, 25 రోజుల సగటుకు అనిశ్చితి ఐదో వంతుకు, అంటే 0.37 టన్నులకు పడిపోతుంది. రెండు టన్నులు దానికి ఐదింతల పైమాటే. ఇప్పుడు నమ్మకంగా చెప్పవచ్చు, ఏదో ఒక దారి లెక్కలో లేదు, లేదా కాటా రోజూ ఒకే వైపు తప్పు చూపుతోంది.

కంప్యూటర్ అవసరం విద్యార్థికి తెలిసొచ్చేది ఇక్కడ. ఇరవై ఐదు రోజుల అంకెలు, ప్రతి గంటవీ, ఒకే చోట, ఒకే గడియారం ప్రకారం నిల్వ ఉంటేనే ఈ ప్రశ్న వేయగలం. దాని కోసమే ప్లాంటుల్లో హిస్టోరియన్ అనే డేటా గిడ్డంగి పెడతారు. వేబ్రిడ్జి రిజిస్టరు గేటు దగ్గర, డిప్ పుస్తకం ట్యాంక్ ఫారమ్‌లో, బస్తాల చీటీలు గోడౌన్ గుమాస్తా జేబులో ఉంటే ఎంత తెలివైన ఇంజనీరైనా చేసేదేమీ లేదు. పైగా గోడౌన్ గుమాస్తా సాయంత్రం ఆరింటికి లెక్క మూస్తాడు, ట్యాంకు డిప్ పొద్దున ఆరింటికి తీస్తారు. ఈ పన్నెండు గంటల తేడాయే సగం గొడవలకు మూలం. సమీకృతం అన్న మాటకు మొదటి అర్థం అందరూ ఒకే వేళకు లెక్క మూయడం.

ఇక టెక్సస్. 2005 మార్చి 23న టెక్సస్ సిటీ రిఫైనరీలో ఒక యూనిట్‌ను మళ్లీ మొదలుపెడుతున్నారు. 170 అడుగుల టవర్లోకి మూడు గంటలకు పైగా ద్రవం పోస్తూనే ఉన్నారు, బయటికి ఏమీ తీయలేదు. మట్టం చూపే పరికరం టవర్ అడుగు భాగాన్ని మాత్రమే కొలవగలదు, అదీ మట్టం నెమ్మదిగా తగ్గుతోందని చూపింది. టవర్ నిండి పొర్లింది, ఆవిరి మేఘం అంటుకుంది, 15 మంది చనిపోయారు. ప్రభుత్వ దర్యాప్తు సంస్థ నివేదికలో కంట్రోల్ రూమ్ గురించిన ఒక ముక్క ఏ క్లాసులోనైనా చదివించదగింది. లోపలికి పోతున్న ప్రవాహం ఒక తెర మీద, బయటికి వస్తున్న ప్రవాహం ఇంకో తెర మీద ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి, టవర్లో ఎంత మిగిలిందో చెప్పే అంకె ఎక్కడా లేదు. షిఫ్టు మారేటప్పుడు లాగ్ బుక్కులో రాసింది కూడా అరకొరే. మొదటి సెమిస్టర్ విద్యార్థి చేయగల తీసివేత అది. పరికరాలకు కొరత లేదు, కంప్యూటర్లకు కొరత లేదు. లోపలికి వచ్చిందాన్నీ బయటికి పోయిందాన్నీ కలిపి చూసే ఏర్పాటు లేదంతే.

కర్నూలు క్లోరిన్

మిల్లు లెక్క జరిగిపోయిన దాని గురించి. రేపేం చేయాలన్న లెక్కకు కర్నూలు వెళ్లాలి. ఊరి శివార్లలో గొందిపర్ల దగ్గర ఒకప్పుడు శ్రీ రాయలసీమ ఆల్కలీస్ అనిపించుకున్న, ఇప్పుడు టీజీవీ ఎస్ఆర్ఏఏసీ అంటున్న సంస్థ కాస్టిక్ సోడా కర్మాగారం ఉంది. ఉప్పునీటిలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడా తీసే ఈ పరిశ్రమ ఎక్కడున్నా ఒక చిక్కు తప్పదు. సోడా ఒక్కటే రాదు. అణుభారాల లెక్కన 100 టన్నుల కాస్టిక్ సోడాతో పాటు 88.75 టన్నుల క్లోరిన్, 2.5 టన్నుల హైడ్రోజన్ వచ్చి తీరతాయి. ఈ నిష్పత్తిని ఏ మేనేజరూ మార్చలేడు. సోడాకు గిరాకీ ఉండి క్లోరిన్‌కు లేకపోతే?

క్లోరిన్ విషవాయువు. ద్రవంగా మార్చి ట్యాంకుల్లోనూ, టన్నర్లు అని పిలిచే పెద్ద సిలిండర్లలోనూ నింపుతారు. ఒక టన్నరులో పట్టేది 900 కిలోలు. ఎక్కువ నిల్వ పెట్టడానికి భద్రత ఒప్పుకోదు. క్లాసు కోసం అనుకున్న అంకెలతో చూద్దాం. రోజుకు 100 టన్నుల సోడా తీసే ప్లాంటు, క్లోరిన్ కొనేవాళ్లు రోజుకు 60 టన్నులే తీసుకెళ్తున్నారు, నిల్వకు మిగిలిన జాగా 50 టన్నులు. రోజుకు 28.75 టన్నులు మిగులు. 42 గంటల్లో జాగా నిండిపోతుంది. సోమవారం పొద్దున ఆరింటికి మొదటి షిఫ్టు వచ్చేసరికి ఈ పరిస్థితి ఉంటే, మంగళవారం అర్ధరాత్రికి షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఏదో ఒకటి చేసి ఉండాలి.

ఏం చేయవచ్చు? లోడు తగ్గించవచ్చు. 60 టన్నుల క్లోరిన్‌కు సరిపడా సోడా 67.6 టన్నులు, అంటే మూడో వంతు ఉత్పత్తి పోతుంది. లేదా మిగులు క్లోరిన్‌ను సొంత హైడ్రోజన్‌తోనే మండించి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేయవచ్చు. 28.75 టన్నుల క్లోరిన్‌కు 0.81 టన్నుల హైడ్రోజన్ చాలు, రోజుకొచ్చే 2.5 టన్నుల్లోంచి అది సులభంగా దొరుకుతుంది. కానీ 32 శాతం ఆమ్లంగా లెక్కిస్తే అది రోజుకు 92 టన్నులు. క్లోరిన్ ట్యాంకు సమస్య తీరి ఆమ్లం ట్యాంకు సమస్య మొదలైంది. విద్యార్థులు సాధారణంగా ఇక్కడ నవ్వుతారు, ఆ నవ్వు కోసమైనా ఈ లెక్క చేయించాలి. మూడో దారి, క్లోరిన్‌ను నష్టానికైనా వదిలించుకోవడం. మన దేశంలో క్లోరిన్ ధర సున్నా కిందికి జారి, తీసుకెళ్లేవాళ్లకే ఎదురు డబ్బిచ్చిన సందర్భాలున్నాయి. మెఫా ఒక్కటే చదివినవాడికి ఇది పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఒక టన్ను క్లోరిన్ వదిలితే 1.13 టన్నుల సోడా తీసే అవకాశం తెరుచుకుంటుందని తెలిసినవాడు ఎదురివ్వగల ధర ఎంతో వేసి చెబుతాడు.

ఆ ధరకే లీనియర్ ప్రోగ్రామింగ్‌లో, అంటే హద్దుల్లో ఉంటూనే లాభం ఎక్కువయ్యే దారి వెతికే గణితంలో, షాడో ప్రైస్ అంటారు. ఆ లెక్కలు తేల్చే సింప్లెక్స్ పద్ధతిని 1947లో డాంజిగ్ కనిపెట్టిన ఐదేళ్లకే, 1952లో, చార్న్స్, కూపర్, మెలన్ దాన్ని విమాన పెట్రోలు మిశ్రమానికి వాడి చూపారు. రసాయన పరిశ్రమకూ ఈ గణితానికీ చుట్టరికం అంత పాతది. అయినా క్లాసులో సింప్లెక్స్ పట్టికలు చేత్తో నింపించడంతోనే గంటంతా గడిచిపోతుంది. పట్టిక నింపే పని ఎక్సెల్ సాల్వర్ క్షణంలో చేస్తుంది. విద్యార్థి నేర్చుకోవాల్సింది ఏ నిబంధన బిగుసుకుంది, దాన్ని ఒక టన్ను సడలిస్తే ఎంత లాభం అని చదవడం.

కరెంటు ఇంకో మెలిక. టన్ను సోడాకు రెండు వేల యూనిట్లకు పైనే కరెంటు కావాలి. పెద్ద పరిశ్రమలకు రోజులో వేళను బట్టి కరెంటు ధర మారుతుంది. చౌక గంటల్లో లోడు పెంచి, ఖరీదు గంటల్లో తగ్గిస్తే డబ్బు మిగులుతుంది, ట్యాంకులో జాగా ఉంటేనే. అప్పుడు క్లోరిన్ ట్యాంకులో ఖాళీ జాగాకు కూడా గంట గంటకూ ఒక విలువ వస్తుంది. సేల్స్, కరెంటు బిల్లు, సెల్ హౌస్ (ఉప్పునీటిలోకి కరెంటు పంపే చోటు), టన్నర్లు నింపే షెడ్డు, నాలుగు విభాగాల అంకెలు ఒక చోట చేరితే తప్ప ఈ నిర్ణయం తీసుకోలేం.

దిద్దుబాటు దోషం

కడప వైపు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి మీద సిమెంటు ఫ్యాక్టరీలు బారులు తీరాయి. అటు తాడిపత్రి దాకా అదే వరస. అక్కడి నుంచి క్లాసుకు తెచ్చుకోవాల్సిన పాఠం చిన్నదే గానీ తెలివైనది. రా మిల్లు (ముడిరాయి పొడి చేసే మిల్లు) నుంచి శాంపిల్ తీస్తారు, ల్యాబ్‌లో ఎక్స్‌రే యంత్రం సున్నం శాతం ఎంతో చెబుతుంది, ఫలితం వచ్చాక కంట్రోల్ రూమ్‌లో ఉండే బోర్డు మ్యాన్ సున్నపురాయి ఫీడు దిద్దుతాడు. శ్రద్ధగలవాడు ప్రతి శాంపిల్‌కూ తేడా ఎంతుంటే అంత దిద్దుతాడు. శ్రద్ధ వల్లే చెడుతుంది. ఆ తేడా కేవలం శాంపిల్ తీయడంలో వచ్చే ఒడిదుడుకే అయితే, ప్రతిసారీ పూర్తిగా దిద్దడం వల్ల చలనం సగానికి తగ్గదు, వర్గాల లెక్కలో రెండింతలవుతుంది. నమ్మకం లేకపోతే పాచికతో ఆడి చూడవచ్చు. యాభై సార్లు వేసి రాసుకోవాలి. తర్వాత మళ్లీ యాభై సార్లు వేయాలి, ప్రతిసారీ వెనకటి పాచిక సగటు మూడున్నర నుంచి ఎంత తేడాగా పడిందో అంత ఎదురు దిశలో కలుపుతూ. రెండో వరస ఎంత చెల్లాచెదురైందో కంటికే కనిపిస్తుంది. కంప్యూటర్ ఉన్నచోట ఈ దిద్దుబాటు ఇంకా వేగంగా, ఇంకా అలుపు లేకుండా జరుగుతుంది. ఎంత దిద్దాలో తెలియకుండా యంత్రానికి అప్పజెబితే చెడే వేగం పెరుగుతుంది.

పేరు తెచ్చిన పేచీ

మూడో అంతస్తులో ఇంకో తలనొప్పి, సరుకు పేరు. ప్లాంటు ఒక పేరుతో పిలిచేదాన్ని అకౌంట్స్ ఇంకో పేరుతో రాసుకుంటే రెండు కంప్యూటర్లు మాట్లాడుకోలేవు. దీనికి కర్నూలుదే ఒక ముచ్చటైన పాత కథ ఉంది. తుంగభద్ర ఇండస్ట్రీస్ శెనక్కాయ నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచి వనస్పతి చేసేది. అమ్మకం పన్ను దగ్గర పేచీ వచ్చింది, గట్టిపరిచాక కూడా అది శెనక్కాయ నూనేనా అని. ఎదుటి పక్షం కర్నూలు వాణిజ్య పన్నుల అధికారి. 1960 అక్టోబర్ 18న సుప్రీంకోర్టు తేల్చింది, అణువుల్లో మార్పు వచ్చినా అది శెనక్కాయ నూనే అని.

రియాక్టర్ పక్కన నిలబడిన ఇంజనీరుకు అది వేరే పదార్థం. దాని కరిగే ఉష్ణోగ్రత వేరు, పైపుల్లో గడ్డకట్టే తీరు వేరు, ట్యాంకు వేరు. పన్ను రిజిస్టర్లో ఒకే సరుకు. ఇద్దరిదీ తప్పు కాదు. ఐఎస్ఏ-95 పుటల్లో సరుకు నిర్వచనానికి అంత చోటు ఎందుకిచ్చారో ఈ కేసు చెప్పాక విడమర్చనక్కర్లేదు. మామూలుగా ఆ భాగం వచ్చేసరికి క్లాసు సగం నిద్రలో ఉంటుంది.

భాష సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. తెర మీద అంతా ఇంగ్లీషు, ట్యాగుల (మీటర్లకూ వాల్వులకూ పెట్టిన గుర్తుల) పేర్లు అక్షరాలూ అంకెలూ కలిసిన ముద్దలు. షిఫ్టు మారేటప్పుడు మాట్లాడుకునేది మాత్రం తెలుగు. "ఎఫ్ఐసీ నూటొకటి కొంచెం ఆడుతోంది బ్రదర్, మ్యాన్యువల్లో పెట్టినా, చూసుకో" అని ఒకరు ఒక ప్రవాహ నియంత్రిక గురించి చెబుతారు, ఇంకొకరు తలూపుతారు. ఎందుకు ఆడుతోంది, ఎప్పటి నుంచి, మ్యాన్యువల్లో ఎంత శాతం తెరిచి పెట్టాడు అన్నవి ఆ మాటలో లేవు. కాలేజీలో సెమినార్లన్నీ ఇంగ్లీషులో చెప్పిన విద్యార్థికి తర్వాతి షిఫ్టుకు మూడు నిమిషాల్లో తెలుగులో ప్లాంటు పరిస్థితి ఒప్పజెప్పడం రాదు. అదీ నేర్పదగ్గ విద్యే, మార్కులు పెట్టదగ్గదే.

లైసెన్సు లేదన్న సాకు

ఇదంతా ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుండా ఎలా అన్నది కాలేజీల్లో వినిపించే మొదటి మాట. సిమ్యులేటర్ కావాలంటే డీడబ్ల్యూసిమ్ ఉచితం. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు దాన్నీ, అలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లే అయిన సైలాబ్‌నీ, ఓపెన్ మోడెలికానూ విద్యార్థులకు చేరవేస్తోంది. పైన చేసిన లెక్కలన్నిటికీ మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. నిజానికి మొదటి రెండు వారాలు కంప్యూటర్ తీయకపోతేనే మంచిది. నలుగురు విద్యార్థులను నాలుగు బల్లల దగ్గర కూర్చోబెట్టాలి, ఒకరు ఉత్పత్తి, ఒకరు ల్యాబ్, ఒకరు స్టోర్స్, ఒకరు సేల్స్. చీటీల మీదే మాట్లాడుకోవాలి, ల్యాబ్ చీటీ రెండు రౌండ్లు ఆలస్యంగా చేరాలి. అరగంటలో స్టోర్స్‌లో డ్రమ్ములు నిండిపోతాయి, సేల్స్ బల్ల దగ్గర ఆర్డర్లు పేరుకుపోతాయి, నలుగురూ ఒకరినొకరు తిట్టుకుంటారు. ఆ తర్వాత అందరి చీటీలూ ఒకే బోర్డు మీద అందరికీ కనిపించేలా అతికించి మళ్లీ ఆడించాలి. రెండో ఆటకూ మొదటి ఆటకూ తేడా ఏమిటో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు.

అసలు అడ్డంకి పరీక్ష. ఐదు యూనిట్లు, యూనిట్‌కో ప్రశ్న, అచ్చు వేసిన జవాబు, అన్న పద్ధతిలో కలవని లెక్క ఇమడదు. ఎందుకంటే దానికి ఒక్క జవాబు ఉండదు. అయినా ప్రశ్న రాయడం కష్టం కాదు. 25 రోజుల మిల్లు లాగ్ షీట్ ఇవ్వాలి, మధ్యలో రెండు రోజుల డిప్ కొలతలు లేకుండా, ఒక రోజు టన్నుల గడిలో కిలోల అంకె వేసి. సగటు తేడా ఎంత, అది కాకతాళీయమా కాదా అన్నది పది మార్కులకు. షిఫ్ట్ ఇన్‌ఛార్జికి తెలుగులో అర పేజీ చీటీ రాయమన్నది మరో పదికి. ఆఖరి ప్రశ్న, ఆ రెండు టన్నులు ఎటు పోయాయో తేల్చడానికి రేపు పొద్దున మిల్లులో ముందు ఎక్కడికి వెళ్తారు, చేతిలో ఏం పట్టుకెళ్తారు? తెలిసిన బరువున్న లారీ ఒకటి తీసుకుని వేబ్రిడ్జి దగ్గరికి అని రాసినా మార్కులివ్వాలి. తేమ కొలిచే మీటరు పట్టుకుని కుక్కర్ దగ్గరికి, ముందొకసారి వెనకొకసారి శాంపిల్ తీయడానికి అని రాసినా ఇవ్వాలి. సాఫ్ట్‌వేర్‌ను అడుగుతామని రాసినవాళ్లకు సున్నా.